తల్లి కుక్కని చూపించనంటే పిల్లని కొనకండి

కుక్కపిల్ల కోసం ఆన్‌లైన్‌లో ప్రకటనలు చూస్తున్నవాళ్లు ఎవరికైనా ఫోన్ చేసేముందు ఇది ఒకసారి చదవండి. మూడు నెలల కిందట హైదరాబాద్‌లో 18 వేలు పోసి ఒక ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాను. అమ్మినవాడి పేరు రాయను. రాసినా రేపు ఇంకో పేరుతో, ఇంకో నంబరుతో వస్తాడు, అందుకే వాడు మాట్లాడే తీరు, అమ్మే తీరు చెప్తున్నాను.

ముందు వాట్సాప్‌లో వీడియో పంపాడు. ఎనిమిది పిల్లలు, ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటున్నాయి. "హెవీ బోన్ అన్నా, పంచ్ ఫేస్, ఫాదర్ షో డాగ్" అంటుంటే నాకు సగం అర్థం కాకపోయినా ఊఁ కొట్టాను. తల్లిని చూడాలంటే డాగ్ షోకి (కుక్కల అందాల పోటీకి) తీసుకెళ్లారన్నాడు. రెండోసారి అడిగితే, "ఈనిన కుక్క కదన్నా, కొత్తవాళ్లని రానివ్వదు, కరుస్తది" అన్నాడు. పాలిచ్చే తల్లి పిల్లల్ని వదిలేసి షోకి ఎట్లా పోతుందో నాకు అప్పుడు తట్టలేదు (మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది). పోనీ నిజంగానే కరిచే తల్లి అనుకుందాం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆ తల్లి పిల్లనే కదా నేను ఇంటికి తెచ్చుకునేది!

చివరికి ఇంటి అడ్రస్ కూడా ఇవ్వకుండా ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ కిందికి రమ్మన్నాడు. బిస్కెట్ల అట్టపెట్టెలో రెండు పిల్లలు. ఒకటి కుయ్యోమని ఏడుస్తూ పెట్టె అంచు ఎక్కాలని చూస్తోంది. రెండోది మూలకి ఆనుకుని కూర్చుంది, చేతిలోకి తీసుకున్నా కదల్లేదు. "చూడన్నా ఎంత కామ్‌గా ఉందో, చిన్నపిల్లలున్న ఇంటికి ఇదే కరెక్ట్" అన్నాడు. పక్కనే బస్సు హారన్ కొట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. తోక కాళ్ల మధ్య నుంచి పొట్టకి అంటుకుపోయి ఉంది, నా అరచేతికి దాని గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. భయంతో బిగుసుకుపోయిన పిల్లని శాంతమైన పిల్ల అనుకుని అక్కడే ఫోన్‌పే కొట్టేశాను.

మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు దాని నోరు తెరిచి చూశారు. రెండు నెలలు నిండిన పిల్లకి పాలపళ్లన్నీ వచ్చేసి ఉండాలి. దీనికి వెనక పళ్లు అప్పుడప్పుడే చిగురు చీల్చుకుని పైకి వస్తున్నాయి. ఆరు వారాలు కూడా ఉండవన్నారు. టీకా పుస్తకంలో స్టిక్కర్ ఉంది కానీ డాక్టర్ సంతకం లేదు, ముద్ర లేదు, తేదీ మీద పెన్నుతో దిద్దారు. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, బ్రీడర్ (కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మేవాడు) రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఒక తల్లికి ఏడాదికి ఒక్క ఈతే ఉండాలి. ఇవన్నీ నేను డబ్బు కట్టాక తెలుసుకున్నాను.

ఆ రెండు మూడు వారాల తేడాకి ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి మా ఇంటి సంగతే చెప్తా. నా చిన్నప్పుడు హనుమకొండలో మా కుక్క రాణి వంటింటి వెనక స్టోర్ రూమ్‌లో ఆరు పిల్లల్ని పెట్టింది. రెండో వారంలో కళ్లు తెరిచాయి, మూడో వారం దాటాక మొదలైంది అల్లరి. వాటిలో ఒకటి రౌడీ. చెల్లెలి చెవి పట్టి లాగేది, అది కెవ్వుమని అరిచి ఆట మానేసి పోయేది, కాసేపటికి రౌడీగాడే దాని వెనక పడి మెల్లగా పట్టుకోవడం నేర్చుకున్నాడు. పళ్లు గుచ్చుకుంటే రాణి గుర్రుమని లేచి వెళ్లిపోయేది. ఎంత గట్టిగా కరవచ్చో పిల్లకి తెలిసేది ఇట్లాగే, తర్వాత మనం నేర్పాలంటే అంత తేలిక కాదు. ఇంకో పిల్ల ఎప్పుడూ వెనకే ఉండేది, గిన్నె చప్పుడైతే ముందు కూర్చుని చూసి తర్వాత వచ్చేది. పిరికిదని ఎవరూ తీసుకోలేదు, చివరికి మా నాయనమ్మ మంచం కింద పన్నెండేళ్లు బతికింది, దానంత నెమ్మదైన కుక్కని నేను మళ్లీ చూడలేదు. కుక్కర్ విజిళ్లు, పాలవాడి సైకిల్ బెల్లు, మా తమ్ముడి ఏడుపు అన్నిటి మధ్యా ఆ పిల్లలు హాయిగా నిద్రపోయేవి.

ఇప్పుడు కొన్న ఈ పిల్ల, మా బంటి మాత్రం మొదటి రోజు కుక్కర్ విజిల్‌కే ఉచ్చ పోసుకుని సోఫా కిందికి దూరింది, గంటసేపు రాలేదు. నాలుగో రోజు మా పాప బిస్కెట్ ఇవ్వబోతే వేలు పట్టింది, రక్తం వచ్చినా వదల్లేదు. పాపకి రేబిస్ సూదులు వేయించాం. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "పరేషాన్ కాకన్నా, వాపస్ తెచ్చెయ్, ఇంకోటి ఇస్తా" అన్నాడు. చొక్కా సైజు మార్చినట్టు! ఆ తర్వాత బ్లాక్ చేశాడు.

పిల్లని కొనేవాళ్లు అది పుట్టి పెరిగిన చోటికే వెళ్లండి. తల్లి మీ దగ్గరికి ఎట్లా వస్తుందో చూడండి, కొత్తవాళ్లని చూసి రెండుసార్లు మొరిగితే తప్పులేదు, మూలకి పోయి వణికితే లేదా మీదికొస్తే వచ్చేయండి. పిల్లలకి కాస్త దూరంలో తాళంచెవుల గుత్తి కింద పడేయండి. ఉలిక్కిపడటం మామూలే, తర్వాత అదేంటో వాసన చూడ్డానికి వచ్చే పిల్ల మంచిది, ఆగి చూసి వచ్చినా మంచిదే. ఒక్కసారి చూసి ఖాయం చేసుకోకండి, కడుపునిండా పాలు తాగి నిద్రమత్తులో ఉన్న పిల్ల కూడా బుద్ధిమంతురాలిలాగే కనిపిస్తుంది. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే వంశావళి పేపర్ ఉందని చూపిస్తారు, అందులో దాని తాత ముత్తాతల పేర్లుంటాయి, గుణం ఉండదు.

బంటిని వెనక్కి ఇవ్వలేదు. ట్రైనర్ వస్తున్నాడు, ఇప్పుడు కుక్కర్ విజిల్ వేసిన రెండు నిమిషాలకే బయటికి వస్తోంది, పాపని మాత్రం ఇంకా ఒంటరిగా దాని దగ్గర వదలడం లేదు. మీకు గనక ఎనిమిది ల్యాబ్ పిల్లల వీడియో వస్తే వెనకాల చూడండి: మూత విరిగిన నీలం రంగు నీళ్ల డ్రమ్ము, పక్కన ఆకుపచ్చ రేకు తలుపు. పోయిన వారం మా ఆఫీసులో ఒకాయన అదే వీడియో చూపించాడు, "నిన్ననే తీసిందంట" అన్నాడు.