మిన్నెసోటా చలిలో సైలెన్సర్ వేడి: నేను కట్టుకున్న విమానంలో హీటర్ ఎలా పనిచేస్తోంది

మిన్నెసోటాలో జనవరి అంటే నేల మీదే మైనస్ 15 పడే రోజులుంటాయి. ఎగరబుద్ధి పుట్టేది కూడా అప్పుడే. గాలి చిక్కగా ఉంటుంది, విమానం జువ్వలా లేస్తుంది.

నాది గ్యారేజీలో కట్టుకున్న రెండు సీట్ల లోహపు విమానం, లైకమింగ్ ఓ-320 ఇంజను. హీటరుకి పాత పద్ధతే పట్టుకున్నాను. సైలెన్సర్ గొట్టం చుట్టూ స్టెయిన్‌లెస్ రేకు తొడుగు ఉంటుంది, దాన్నే హీట్ మఫ్ అంటారు. చల్లగాలి అందులో వేడెక్కి, ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) మీది వాల్వ్ గుండా లోపలికొస్తుంది. ఇన్నేళ్లు వాడాక కూడా, మళ్లీ కడితే ఇదే పెడతాను.

కొత్తలో గాలి గోరువెచ్చగానే వచ్చేది. తొడుగు లోపల గొట్టానికి స్టెయిన్‌లెస్ స్ప్రింగ్ చుట్టాక గాలి నేరుగా జారిపోకుండా గొట్టాన్ని ఒరుసుకుంటూ వస్తోంది. తేడా మొదటిరోజే తెలిసింది. వాల్వ్ మూసినా వేడిగాలి ఇంజను గదిలోకి పోయే దారి ఉండాలి, లేకపోతే ఆ చోట గొట్టం అతిగా కాగుతుంది. వాల్వ్ పెట్టె స్టెయిన్‌లెస్‌దే కొనండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇంజనులో మంట లేస్తే ఫైర్‌వాల్‌కి చేజేతులా కన్నం పెట్టుకున్నట్టే.

హీటర్ కన్నా ఎక్కువ సతాయించినవి సందులు. ఎయిలరాన్లను (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) తిప్పే కడ్డీలు లోపలికొచ్చే కన్నాలు, కెనోపీ (సీట్ల మీది అద్దపు మూత) వెనక అంచు. అరికాళ్లు మాడుతుంటే వీపు కొంకర్లు పోయేది. మా ఆవిడ అయితే చలికాలంలో ఎక్కడమే మానేసింది. కన్నాలకు గుడ్డ తొడుగులు, అంచుకు రబ్బరు పట్టీ వేశాక ఆ హీటరే సరిపోయింది. ఆవిడా ఎక్కుతోంది, కంబళి మాత్రం వదల్లేదనుకోండి.

కరెంటు హీటరు పెట్టొచ్చు కదా అని అందరూ అడుగుతారు. 1500 వాట్ల మామూలు రూమ్ హీటర్‌ని 14 వోల్టుల మీద నడపాలంటే 100 ఆంపియర్లు దాటాలి. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే నా ఆల్టర్నేటర్ ఇచ్చేది 60 ఆంపియర్లే. సీట్లలో హీటింగ్ ప్యాడ్ల దాకా అయితే బాగానే మోస్తుంది. పెట్రోలు మండించే హీటరంటే అదనపు బరువు, ఇంకో ఇంధన గొట్టం. ఇంత చిన్న విమానానికి అక్కర్లేదు. రోటాక్స్ 912 ఇంజను వాళ్ల సంగతి వేరు: ఇంజనుని చల్లబరిచే కూలెంట్ నీళ్లతోనే వేడి తీసుకోవచ్చు, పొగ భయం ఉండదు.

నా పద్ధతిలో ఉన్న భయమల్లా ఆ పొగే. గొట్టం పగిలితే కార్బన్ మోనాక్సైడ్ తిన్నగా క్యాబిన్లోకి వస్తుంది, వాసన కూడా ఉండదు. 2019 జనవరిలో ఇంగ్లిష్ ఛానల్‌లో కూలిన పైపర్ మాలిబులో చనిపోయిన ఫుట్‌బాలర్ ఎమిలియానో సాలా రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిన హిమోగ్లోబిన్) 58 శాతం ఉందని బ్రిటిష్ దర్యాప్తులో తేలింది. ఈ వాయువు తగిలితే రంగు మారే అట్టముక్కని నమ్మను. గట్టిగా అరిచే డిజిటల్ మీటరు ప్యానెల్ మీదుంది. ఏటేటా తనిఖీలో తొడుగు విప్పి, వెల్డింగ్ అతుకులు టార్చి వేసి చూస్తాను.

ఇంకొకటి: దిగేటప్పుడు థ్రాటిల్ (ఇంజను జోరు) తగ్గిస్తే వేడీ తగ్గిపోతుంది. అందుకే కిందికి దిగడం మొదలెట్టే ముందే సీటు ప్యాడ్లు ఆన్ చేసేస్తాను.