తొమ్మిది చలికాలాలు ఉన్ని బట్టలతో వేటకు వెళ్లాక

నా ఉన్ని బట్టల్లో అన్నిటికంటే పాతది ఒక మందపాటి కోటు. తొమ్మిది సీజన్లుగా వాడుతున్నాను. మోచేతుల దగ్గర నూగు పోయి నున్నబడింది. కుడి భుజం మీద రైఫిల్ ఆనించే చోట మెరుపొచ్చింది. కింది గుండీ ఊడిపోతే వేరే రంగుది కుట్టుకున్నాను. నాకు ఇంత ఇష్టమైనా, కొత్తగా కొనేవాళ్లను దీనితో మొదలుపెట్టమని చెప్పను. నేను చేసిన తప్పు అదే.

అప్పట్లో నా లెక్క ఒకటే, ఎంత మందమైతే అంత వెచ్చన. ఈ కోటు వేసుకుని, లోపల మామూలు కాటన్ బనియన్‌తో తెల్లవారకముందే బయల్దేరాను. మంచె దాకా నలభై నిమిషాల ఎక్కుడు దారి. చేరేసరికి వీపంతా చెమట. కదలకుండా కూర్చున్న కాసేపటికే ఆ బనియన్ వీపుకు అతుక్కుని మంచుగడ్డలా తగలడం మొదలైంది. పైన అంత కోటు ఉండి కూడా పళ్లు టకటకలాడాయి. ఎండ పొడ కనిపించకముందే దిగి వచ్చేశాను. ఇందులో కోటు తప్పేమీ లేదు. కాటన్ చెమటను పీల్చుకుని వదలదు, గాలి నిలవాల్సిన ఖాళీల్లో నీళ్లు నిండి ఒంటి వేడిని లాగేస్తాయి.

అందుకే డబ్బు ముందు ఒంటికి తగిలే పొర మీద పెట్టాలి. ఉన్ని అనగానే గొంగళిలా గుచ్చుకుంటుందని జంకేవాళ్లుంటారు. గుచ్చుకునేది ముతక పోగుల కొసలు, ముఖ్యంగా 30 మైక్రాన్ల మందం దాటినవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నితో చేసిన లోపలి బట్టల్లో పోగు 17 నుంచి 19 మైక్రాన్ల దాకా ఉంటే నాకు దురదే తెలియలేదు. బట్ట మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని రాస్తారు. నడుస్తూ వేటాడే రోజున నాకు 150 సరిపోతుంది, మాటు వేసి కూర్చునే రోజున 250. ఒకటే కొనగలిగితే 200 తీసుకోండి. మందపాటిది ఒకటి వేసుకోవడం కంటే పల్చనివి రెండు వేసుకోవడమే మేలు, నడిచేటప్పుడు ఒకటి తీసేయొచ్చు. కోటు ఇప్పుడు దారిలో వేసుకోను. సంచికి కట్టుకుని, కాస్త చలి పుడుతుండగానే నడిచి, మంచె ఎక్కాక తొడుక్కుంటాను.

ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను ఆవిరి రూపంలో పోగు లోపలే దాచుకోగలదు, చేతికి తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుడుతుంది. ఇక్కడి దాకా నిజమే. "తడిసినా వెచ్చగానే ఉంటుంది" అన్న మాటను మాత్రం సగమే నమ్మాను. మూడో ఏడు మంచు కలిసిన వానలో నా మందపాటి ఉన్ని ప్యాంటు పూర్తిగా నానిపోయింది. చలికి వణికిపోలేదు కానీ, వెచ్చగా ఉందంటే అబద్ధమే. పైగా నీళ్ల బరువుకు అది నడుము నుంచి జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నడిచాను. పొయ్యి పక్కన ఆరేస్తే రెండు రోజులు పట్టింది. అప్పటినుంచి బెల్టు మానేసి భుజాల మీదుగా వేసుకునే సస్పెండర్లు వాడుతున్నాను.

ఇన్ని తిప్పలున్నా ఉన్నిని వదలకపోవడానికి కారణం చప్పుడు. వెచ్చదనం కావాలంటే సింథటిక్ జాకెట్‌లోనూ దొరుకుతుంది, అదీ తక్కువ బరువులో. కానీ మంచు పట్టిన ఉదయం అడవి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మాటు వేసినవాళ్లకు తెలుసు. ఎండుకొమ్మ నైలాన్ చేతిని రాసుకుంటే జర్రుమని మోగుతుంది. ఒకసారి అలాంటి జాకెట్‌తో, పాతిక అడుగుల దూరంలో తల వంచి మేస్తున్న జింక ముందు మోచెయ్యి కొద్దిగా ఎత్తాను, అంతే. చెవులు ముందు తిరిగాయి, తల తర్వాత లేచింది, మూడో క్షణంలో అక్కడ ఏమీ లేదు. ఉన్ని కోటు చేతిని అదే కొమ్మ రాసుకున్నా వినపడదు. కొనేటప్పుడు బట్టను చెవి దగ్గర పెట్టుకుని గోటితో గీకి చూడండి. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టండి. వెలుగు కనిపించిందంటే గాలి కూడా అలాగే దూరుతుంది. నేసిన తర్వాత నీళ్లలో నలగ్గొట్టి దట్టంగా ముద్దకట్టించిన లోడెన్, మెల్టన్ రకాలు గాలిని బాగానే ఆపుతాయి.

చాలాచోట్ల వేటగాళ్లు నారింజ రంగు వేసుకోవాలని చట్టం ఉంది. బూడిదరంగు కోటు మీద గరగరలాడే ప్లాస్టిక్ లాంటి వెస్ట్ తగిలించుకుంటే పెట్టిన ఖర్చంతా బూడిదే. మెత్తగా నూగులా ఉండే ఫ్లీస్ బట్టతో చేసిన నారింజ వెస్ట్ వెతుక్కోండి.

వాసన విషయంలో మెరినోకి పూర్తి మార్కులు. ఒకే లోపలి చొక్కాతో నాలుగు రోజులు గడిపాను, గుడారంలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. పాలిస్టర్ చొక్కా రెండో సాయంత్రానికే కంపు కొట్టేది. అలాగని జంతువు ముక్కును మోసం చేస్తుందనుకోవద్దు. గాలి మీ వైపు నుంచి వీచిందా, ఏ బట్టా కాపాడదు.

మన్నిక దగ్గరే నాకు అసంతృప్తి. నూటికి నూరుపాళ్లు మెరినో ఉన్న పల్చటి చొక్కాకు, సంచి పట్టీ రాసుకునే చోట రెండో సీజన్‌లోనే చిల్లులు పడ్డాయి. అందుకే సాక్సులు, పైబట్టలు కొంత నైలాన్ కలిసినవే కొంటాను. నిప్పురవ్వ పడితే ఉన్ని కాస్త మాడి ఊరుకుంటుంది, సింథటిక్ జాకెట్‌లా కరిగి చిల్లుపడదు.

ఉతకడం ఒక టెన్షన్. వేడినీళ్లలో తిప్పితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది. నా స్వెటర్ ఒకటి అలా బొమ్మకు సరిపోయేంత అయింది, మెషిన్‌లో వేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఎంజైములున్న సబ్బుపొడి ఉన్నిని తినేస్తుంది. తెల్లగా మెరిపించే రసాయనాలున్నవీ వద్దు. జింకలకు నీలం, దానికి దగ్గరి అతినీలలోహిత కాంతి మనకంటే బాగా కనిపిస్తాయి. ఆ రసాయనాలు పట్టిన బట్ట వాటి కంటికి వెలుగుతున్నట్టే.

సీజన్ అయ్యాక ఉతక్కుండా మడత పెడితే చిమ్మటలకు విందే. వాటి పురుగులకు చెమట, మరకలు ఉన్న ఉన్ని మరీ ఇష్టం. ఒక ఏడు నా కోటు చంకలోనే కాపురం పెట్టాయి. ఇప్పుడు ఉతికి, ఎండలో దులిపి, మూసేసిన సంచిలో పెడుతున్నాను. అనుమానం వస్తే ఓ వారం ఫ్రీజర్‌లోకి.

చేతి తొడుగుల సంగతే ఇంకా కుదరలేదు. మందపాటివి వేసుకుంటే ట్రిగ్గర్ వేలికి ఏమీ తెలియదు, పల్చనివైతే అరగంటకే వేళ్లు కొయ్యబారతాయి. పోయిన సీజన్ నుంచి పల్చటి మెరినో తొడుగుల మీద, వేళ్లన్నీ కలిసి ఉండే పెద్ద ఉన్ని తొడుగు వేస్తున్నాను. అవసరమైనప్పుడు కుడిచేతిది పళ్లతో పట్టి లాగేస్తాను. నోట్లో ఉన్ని నూగు మిగులుతుంది, అదొక్కటే ఇబ్బంది.