కాళ్ల కింద నాలుగు బోల్టులు: ఇంటి వెల్డింగ్ టేబుల్ సమీక్ష

ఇంటి వెనక రేకుల షెడ్డులో బండి చట్రాలు వెల్డు చేయడానికి కట్టుకున్న టేబుల్ ఇది. కొన్నేళ్లుగా నా పనంతా దీని మీదే. కొలతలు అడిగేవారి కోసం ముందే చెప్పేస్తాను: పైన ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 12 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ప్లేటు, కింద 100 మిల్లీమీటర్ల సి-ఛానళ్ల (సి ఆకారపు ఉక్కు దూలాల) చట్రం, నాలుగు కాళ్లు. ప్లేటు ఒక్కటే దాదాపు 280 కిలోలు. అంతా కలిపి నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. ఈ పని చేసేవారికి ఇవన్నీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది కాళ్ల కింద ఉన్న నాలుగు బోల్టుల సంగతి.

మొత్తం ఖర్చులో వాటి వాటా లెక్కలోకి రానంత తక్కువ. అయినా ఈ టేబుల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. ఒక్కో కాలి అడుగున మందపాటి ముక్క, దానికి వెల్డు చేసిన ఎం24 (24 మిల్లీమీటర్ల) నట్టు, అందులో తల కిందికి ఉండేలా బారు బోల్టు, కదలకుండా చెక్‌నట్టు. బోల్టు తల సిమెంటు మీద నేరుగా ఆనదు. మధ్యలో అరచేయంత ఇనుప పలక, దాని మీద కాస్త గ్రీజు. ఎం24 బోల్టు ఒక పూర్తి చుట్టు తిరిగితే ఆ మూల 3 మిల్లీమీటర్లు లేస్తుంది. తలకున్న ఆరు పక్కల్లో ఒక్క పక్క మేర తిప్పితే అర మిల్లీమీటరు. క్రేనుతో దింపించుకున్న బరువును 36 నంబరు స్పానరుతో, కూర్చున్న చోటు నుంచే అర మిల్లీమీటరు పైకి లేపగలగడం ఎంత హాయిగా ఉంటుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పటికీ ఆ పని చేసినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది.

వీటి అవసరం ఎందుకు వచ్చిందంటే మాది గుంటూరు జిల్లా నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. నీటిని పీల్చి ఉబ్బే బంకమన్ను ఆ నేలలో ఎక్కువ. దాని మీద ఎంత మందంగా సిమెంటు పోసినా, షెడ్డంత చిన్న జాగాలో ఒక మూల లేస్తుంది, ఇంకో మూల దిగుతుంది. శ్రావణంలో మట్టంగా ఉన్న టేబుల్ సంక్రాంతికి మట్టంగా ఉండదు. ఉంటుందని ఎవరైనా అంటే వారి నేల వేరే అయి ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాలుగు కోళ్లలో ఒకటి పొట్టిదైన మంచం ఊగుతుంది కాబట్టి లోపం ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. ఈ టేబుల్ మాత్రం ఊగదు. తన బరువుకు తానే కాస్త మెలి తిరిగి నాలుగు కాళ్లనూ నేలకు ఆనించేస్తుంది. సి-ఛానల్ వంగకుండా నిలబడటంలో గట్టిదే కానీ, మెలి పెడితే సులువుగా లొంగుతుంది, ఎందుకంటే దాని ఒక పక్క తెరిచి ఉంటుంది. నాలుగు పక్కలా మూసుకున్న పెట్టె గొట్టం అలా లొంగదు. చూడటానికి టేబుల్ నిక్షేపంగా ఉంటుంది, దాని మీద బిగించి వెల్డు చేసిన చట్రం మాత్రం మెలితోనే పుడుతుంది. తర్వాత దాన్ని సరిచేయాలంటే కోయడం తప్ప దారి లేదు.

మెలి కనిపెట్టడానికి నేను వాడేది టంగూసు దారం. నాలుగు మూలల్లో ఒకే ఎత్తున్న ఇనుప ముక్కలు పెట్టి, ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు బిగుతుగా లాగాలి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే మెలి లేదు. సందు ఉన్నా, ఒకటి రెండోదాన్ని నెట్టుతున్నా మెలి ఉన్నట్టే. మూడు కాళ్లను ముట్టుకోకుండా నాలుగోదాని బోల్టు ఒక్కదాన్నే తిప్పుతూ దారాల కూడలిని చూస్తూ ఉంటే, సందు మెల్లగా మూసుకుపోవడం కళ్లకు కనిపిస్తుంది. రసమట్టం ఈ పనికి చాలదు. అది వాలును చెబుతుంది, టేబుల్ మొత్తంగా కాస్త వాలి ఉన్నా చట్రానికి వచ్చే నష్టం లేదు. మెలి ఉంటేనే నష్టం. ఇంకో మాట: ఛానల్ మెలికి లొంగుతుందని పైన తప్పు పట్టాను కానీ, ఒక్క బోల్టు తిప్పితే టేబుల్ దారికి రావడానికి కారణం కూడా ఆ లొంగే గుణమే. పెట్టె గొట్టాలతో కట్టి ఉంటే ఇంత సులువుగా మాట వినేది కాదు.

ఈ మెచ్చుకోలులో కొంత వెనక్కి తీసుకోవలసిన సంగతి ఒక రోహిణి కార్తెలో ఎదురైంది.

నా దగ్గరికి ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థుల పోటీ బండ్ల చట్రాలు వస్తాయి. బాహా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీలకు మట్టిలో, గుంతల్లో పరుగెత్తే బండిని విద్యార్థులే తయారుచేసుకోవాలి. డ్రైవరు చుట్టూ ఉండే ప్రధాన గొట్టాలకు కచ్చితమైన నియమం ఉంటుంది: 25.4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు, లేదా దానికి సమానమైన బలం ఉన్నది. రోడ్డు మీద తిరిగే బండి చట్రాన్ని మార్చే పని మాత్రం నేను ముట్టుకోను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ దానికి ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు.

ఆ రోజు మధ్యాహ్నం నాలుగు గంటల వేళ. దారాలు కట్టి చూసుకున్నాం, కూడలిలో చక్కగా తాకుతున్నాయి. చట్రానికి అడుగున ఉండే రెండు పొడవాటి గొట్టాలు పరిచి, ఒక అడ్డగొట్టాన్ని రెండు చివరలా ట్యాక్ కొట్టాం, అంటే కదలకుండా చిన్న చుక్క వెల్డు వేశాం. రెండోదానికి వెళ్లేసరికి ఒక పిల్లవాడు గొట్టం చివర వేలితో నొక్కి, 'అన్నా, ఇది ఆనడం లేదు' అన్నాడు. చేతికందిన హాక్సా బ్లేడు కిందికి తోస్తే సులువుగా దూరింది. బ్లేడు మందం 0.6 మిల్లీమీటర్ల పైమాటే. గొట్టాలు వంకరవి ఇచ్చారని విద్యార్థులు దుకాణం వాళ్లను తిట్టుకోవడం మొదలుపెట్టారు. ట్యాక్‌లు కోసి ఆ గొట్టాన్ని విడిగా పెట్టి, ఉన్నచోటే సగం చుట్టు తిప్పాను. గొట్టమే వంకరైతే, తిప్పినప్పుడు వంపు పైకి మళ్లి సందు చోటు మార్చుకోవాలి. మారలేదు. ఇంకో గొట్టం పెట్టి చూశాను, అదే చోట అదే సందు. అప్పుడు అనుమానం టేబుల్ మీదికి మళ్లింది.

తాపీమేస్త్రీలు వాడే పొడవాటి అల్యూమినియం బద్ద తెచ్చి ప్లేటు మీద నిలువుగా పెట్టాను. నడిమధ్యలో ఆని, అటూ ఇటూ ఊగింది. ప్లేటు మధ్యలో లేచింది. బోల్టులు తిప్పాను, మూలలు లేచాయి, దిగాయి. మధ్యలోని ఉబ్బు మాత్రం ఉన్నట్టే ఉంది. నేను అంత నమ్ముకున్న బోల్టులు ఆ సాయంత్రం ఎందుకూ పనికిరాలేదు. దారాలు కూడా ఏమీ చెప్పలేకపోయాయి, చెప్పలేవు కూడా. మూలలు నాలుగూ సమంగా ఉండి నడుము ఒక్కటే లేస్తే దారాల కూడలి ఎప్పటిలాగే తాకుతుంది. వాటి కింద ప్లేటు ఎంత ఎత్తుకు వచ్చిందో దారానికి తెలియదు కదా. పని ఆపేసి అందరినీ పంపించాను.

తెల్లవారి ఆరు గంటలకు షెడ్డుకు వెళ్లి అదే బద్ద, అదే చోట పెట్టాను. ఊగలేదు. గొట్టం పెట్టాను, బ్లేడు దూరలేదు, కాగితం కూడా దూరలేదు. రాత్రికి రాత్రి బోల్టులను ఎవరూ ముట్టుకోలేదు. ప్లేటు మీద చెయ్యి ఆనించాను, చల్లగా ఉంది. నిన్న అదే ప్లేటు మీద చెయ్యి నిలవలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. నిన్న అదే సమయంలో కింద ఛానళ్లను పట్టుకుంటే వెచ్చగా మాత్రమే ఉన్నాయి. నా షెడ్డుకు పడమర వైపు గోడ లేదు. మూడు దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి సరిగ్గా టేబుల్ మీద పడుతుంది.

లెక్క వేస్తే మాట కుదిరింది. ఉక్కు ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. నా టేబుల్ 2.4 మీటర్లు. పై ప్లేటు, ఛానళ్ల కింది అంచు కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, పైభాగం కింది భాగం కంటే దాదాపు 0.29 మిల్లీమీటర్లు పొడవవుతుంది. ప్లేటునూ ఛానళ్లనూ బోల్టులతో గట్టిగా బిగించినందువల్ల రెండూ ఒకే ముక్కలా వంగాలి. ప్లేటుతో కలిపి చట్రం లోతు 112 మిల్లీమీటర్లే కాబట్టి మధ్యలో ముప్పాతిక మిల్లీమీటరు పైచిలుకు లేస్తుంది. హాక్సా బ్లేడు దూరడానికి అంత చాలు. 10 డిగ్రీల తేడా మా ఎండలకు పెద్ద విషయమే కాదు.

పడమర వైపు తాటాకు తడక కట్టమని ఇంట్లో అన్నారు. నిప్పురవ్వలు ఎగిరే చోట ఎండుతాటాకు వద్దని రేకులే దించాను. వేసవిలో గొట్టాలు పరిచి ట్యాక్ కొట్టే పని ఉదయం తొమ్మిది లోపే ముగిస్తాను. నిండు వెల్డింగ్ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, అప్పటికి చట్రం తన ఆకారాన్ని తానే పట్టుకుంటుంది. ఇప్పుడు దారాలు కట్టినప్పుడు మధ్యలో దారానికీ ప్లేటుకూ ఉన్న ఎత్తును కూడా కొలుస్తాను. మూలల్లో పెట్టిన ముక్కల ఎత్తుతో అది సరిపోవాలి. దీనికి అర నిమిషం పట్టదు. బోల్టుల మీద నా అభిమానం తగ్గలేదు కానీ, అవి నేల చేసిన తప్పును దిద్దుతాయి, ఎండ చేసిన తప్పును దిద్దవు అని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

12 మిల్లీమీటర్ల ప్లేటు విషయంలోనూ కొంత తగ్గించే చెప్పాలి. పాత ఇనుము దుకాణంలో దొరికిన ఆ ప్లేటును మొదట్లో తెగ మెచ్చుకునేవాణ్ణి. మంచిదే. దాన్ని ఛానళ్లకు వెల్డు చేయకుండా బోల్టులతో బిగించడం ఇంకా మంచిదైంది. కింద నుంచి బారుగా వెల్డు లాగితే ఇంత మందం ప్లేటైనా ఆ వేడికి గుంజుకుని వంకర పోతుంది. అయితే గొట్టాలు జరగకుండా ఆపుల కోసం ప్లేటు మీదే ముక్కలు ట్యాక్ కొట్టి, పని అయ్యాక గ్రైండరుతో చెరిపేసిన చోట్లలో ఇప్పుడు చేతికి తెలిసేంత పల్లాలు ఉన్నాయి. మొదటి ఏడాది బల్లపరుపుగా ఉన్న ప్లేటు ఇప్పుడు మధ్య మూడడుగుల్లో అలా లేదు. ఇప్పుడు ఆపుల కోసం యాంగిల్ ముక్కలను సి-క్లాంపులతోనే పట్టిస్తున్నాను. వెల్డింగ్ తుంపరలు అంటుకోవడం, ఎర్త్ క్లాంపు పెట్టే చోట తుప్పు గీకడం లాంటివి ఏ టేబుల్‌కైనా ఉండేవే.

ఇలాంటిది కట్టుకోవాలా అని అడిగితే, మీ నేల ఎలాంటిదో, మీరు చేసే బండి ఏమిటో ముందు చెప్పండి అంటాను. ట్రాక్టరు ట్రాలీల చట్రాలే మీ పని అయితే ఎనిమిదడుగులు ఎలాగూ చాలవు, రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ట్రాలీకి లెక్క కాదు. రెండు పొడవాటి ఐ-బీములు మట్టం చూసి పరుచుకుంటే సరిపోతుంది. ఎర్ర చెలక మీదో, గట్టి రాతి నేల మీదో ఇల్లున్నవారికి బోల్టులు ఒకసారి సరిచేసి మరిచిపోయే వస్తువులు కావచ్చు, నా అంత అభిమానం వారికి కలగకపోవచ్చు. చుట్టూ గోడలున్న షెడ్డు అయితే ఎండ సంగతే రాదు. నా పరిస్థితిలో, నల్లరేగడి మీద, సస్పెన్షన్‌ను బిగించే చెవుల దగ్గర మిల్లీమీటరు కోసం చూసే చట్రాలకు, డబ్బు తక్కువైతే ప్లేటు 10 మిల్లీమీటర్లకు దిగేవాణ్ణి కానీ బోల్టులను మానేవాణ్ణి కాను.

చూరు నీళ్లు పడే మూలలో ఉన్న బోల్టు ఒక్కటి తుప్పు పట్టి బిగుసుకుంది. పైగా ఆ మూల నేల ఎండాకాలంలో మిగతా మూడింటి కంటే ఎక్కువ దిగుతోంది, బోల్టు మర దాదాపు చివరికి వచ్చేసింది. తొలకరికి ముందే కింద జాకీ పెట్టి దాన్ని తీసేసి, దానికంటే రెండు అంగుళాలు ఎక్కువ బారున్నది, జింకు పూత ఉన్నది వేస్తాను.