ఫ్లాట్ మధ్యలో ఆగిపోతే రెరా మేలా, వినియోగదారుల కమిషన్ మేలా?

గుంటూరులో గోరంట్ల వైపు మా బావగారు కొన్న అపార్ట్‌మెంట్ మూడో శ్లాబు దగ్గర ఆగిపోయి మూడేళ్లయింది. పిల్లర్ల మీద చువ్వలు తుప్పు పట్టాయి. ఆయన ఈఎంఐ కడుతూనే ఉన్నారు, దానికి తోడు ఇంటి అద్దె. కొన్నవాళ్లు కలిస్తే ఒకటే గొడవ. బిల్డర్ డబ్బు వేరే సైట్‌కు మళ్లించాడని కొందరు, స్థలం యజమాని వాటా దగ్గర పేచీ పెట్టాడని కొందరు, కార్పొరేషన్‌లో ఫైలు కదల్లేదని మిగతావాళ్లు.

తప్పెవరిదో తేలేదాకా ఆగక్కర్లేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కట్టేవాడు, అమ్మేవాడు వేరైనా ఇద్దరూ ప్రమోటర్లే, బాధ్యత ఉమ్మడిది. స్థలం యజమాని తన వాటా ఫ్లాట్లు అమ్ముకుంటే అతనూ తప్పించుకోలేడు. ఇక ఫైలు సంగతి: అనుమతుల కాపీలు పెడితేనే ఆ చట్టం కింద ఉన్న రెరా సంస్థ ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ ఇస్తుంది, కాబట్టి ఆ సాకు నాకు బలంగా అనిపించదు.

ముందు తేల్చుకోవాల్సింది మనకు ఇల్లు కావాలా, డబ్బు కావాలా అని.

ఇల్లే కావాలంటే రెరా మేలు. ఆలస్యమైన ప్రతి నెలకూ, తాళాలు చేతికిచ్చేదాకా వడ్డీ అడగొచ్చు. ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ గడువు ముగిసినా, రద్దయినా మిగిలిన పనిని చేపట్టే మొదటి హక్కు కొన్నవాళ్ల సంఘానిదే. అందుకు సంఘం ఉండాలి కదా, చాలా చోట్ల అదే ఉండదు! పైగా ఆ పనికి అయ్యే అదనపు ఖర్చు మళ్లీ మనమే వేసుకోవాల్సి రావచ్చు.

డబ్బు వెనక్కి కావాలంటే రెండు చోట్లా అడగొచ్చు. ఎక్కడికి వెళ్లాలన్నది కొన్నవాళ్ల ఇష్టమేనని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. నా ఓటు కమిషన్‌కే. కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఫీజు 1,000 రూపాయలు దాటదు. రెరా ఆర్డర్ అమలు కాకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి, అది రెవెన్యూ వాళ్లు కదిలితేనే. కమిషన్ ఆర్డర్‌ను లెక్కచేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కాకపోతే కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది, వాదనల్లో కాలం గడిపితే అది దాటిపోతుందని నా టెన్షన్.

మా బావగారికి ఇల్లే కావాలి. పోయిన ఆదివారం సంఘం కాగితాల మీద పదకొండు మంది సంతకాలు పెట్టారు. మిగతావాళ్ల ఇళ్లకు ఆయనే తిరుగుతున్నారు.