ముందు టికెట్టా, తర్వాత బిల్లా?

2020 మార్చిలో కరోనా వల్ల విమానాలు ఆగిపోయాక విదేశాల్లో చిక్కుకున్న పౌరులను జర్మనీ ఒకలా, భారత్ మరోలా వెనక్కి తెచ్చాయి.

జర్మనీ పద్ధతి: ముందు ఎక్కించు, డబ్బు సంగతి తర్వాత. ఖర్చులో కొంత చెల్లిస్తానని ప్రయాణికుడు ఒక ఫారంపై సంతకం పెట్టాలి. మార్చి 17న మొదలుపెట్టి, వారాల్లోనే 2.4 లక్షల మందిని తెచ్చారు. ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక విమానాల్లో వచ్చినవాళ్లకు దూరాన్ని బట్టి 200 నుంచి 1000 యూరోల బిల్లు తర్వాత ఇంటికొచ్చింది. అయితే వాళ్లలో ఎక్కువమంది టూరిస్టులే. వెనక్కి వెళితే ఇల్లుంది, చాలామందికి జీతమూ ఉంది.

మన దగ్గర లెక్క వేరు. గల్ఫ్‌లో పని పోయిన కూలీలు, హాస్టళ్లు ఖాళీ చేయాల్సి వచ్చిన విద్యార్థులు, గర్భిణులు, వీసా గడువు ముగిసినవాళ్లు... వీళ్లకే ప్రాధాన్యం అన్నారు. కానీ వీళ్లను తెచ్చేందుకు ప్రభుత్వం పెట్టిన వందే భారత్ మిషన్ మే 7న గానీ మొదలవలేదు. అప్పటిదాకా ఎంబసీలో పేరు నమోదు చేసుకుని ఫోన్ కోసం చూడటమే. ఆ టెన్షన్ చిన్నది కాదు. పైగా టికెట్ డబ్బు ముందే కట్టాలి: లండన్ నుంచి సుమారు 50 వేలు, అమెరికా నుంచి లక్ష రూపాయలు. దిగాక క్వారంటైన్ ఉండనే ఉంది. మరీ చితికిపోయినవాళ్లకు ఎంబసీల సంక్షేమ నిధి ఉంది గానీ, అది అడగాలని ఎంతమందికి తెలుసు?

నౌకాదళం ఓడలు పంపడం మాత్రం మెచ్చుకోదగ్గదే. ఐఎన్‌ఎస్ జలాశ్వ మాల్దీవుల నుంచి ఒక్క ట్రిప్పులో 698 మందిని కొచ్చి చేర్చింది.

నన్నడిగితే, జీతం ఆగిపోయినవాడికి జర్మనీ పద్ధతే నయం. అప్పయినా ఇంటికి చేరాక తీర్చొచ్చు.