డాబా కురవకుండా ఏం వేయించాలి? ఏది మేలు, ఎవరి రేటు నిజం?

మా డాబా ముప్పై అడుగులు బై నలభై. పోయిన వేసవిలో పడకగది మూల పెచ్చులూడి మంచం మీద పడ్డాక ముగ్గురిని పిలిచి చూపించాం. ముగ్గురూ పైకెక్కి, కాలితో నాలుగు చోట్ల తట్టి, "ఎస్ఎఫ్‌టీకి ఇంత" అని, అంటే చదరపు అడుగుకి రేటు, చెప్పి దిగిపోయారు. మొదటాయన చెప్పినదానికి మూడో ఆయనది దాదాపు మూడింతలు. మూడో ఆయన దోచేస్తాడని మా ఆవిడ, మొదటాయన ముంచేస్తాడని మా బావమరిది. కాగితం మీద లెక్క వేసుకున్నాక తెలిసింది, వాళ్లు చెప్పినవి మూడు వేరువేరు పనుల రేట్లు. అన్నీ ఒకటే పని అనుకున్నది మేమే.

మొదటాయనది తెల్లటి వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు పూతలు. రెండో ఆయనది కోబా, అంటే ఇటుక ముక్కలు పరిచి, సందుల్లో నీరు దిగకుండా చేసే మందు కలిపిన సిమెంటు మాలు నింపి, పైన నున్నగా తీర్చే పాత పద్ధతి. మూడో ఆయన పాత ప్లాస్టరంతా కొట్టేసి, తారు షీటు మంట పెట్టి అతికించి, దాని మీద మళ్లీ సిమెంటు పొర వేస్తానన్నాడు. ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ టైల్స్ సంగతి పక్కింటాయన చెప్పాడు.

కొలతలోనే మొదటి తిరకాసు

ముప్పై బై నలభై అంటే 1200 చదరపు అడుగులు. కానీ నీళ్లు ఎక్కువగా దిగేది డాబా నడిమధ్య కాదు, డాబా పిట్టగోడను కలిసే మూలల్లో. అందుకే ఏ పద్ధతైనా గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు ఎక్కించాలి. చుట్టుకొలత 140 అడుగులు కాబట్టి ఇంకో 140 చదరపు అడుగులు పెరిగాయి. మొదటాయన దీన్ని లెక్కలోకే తీసుకోలేదు, మూడో ఆయన కలిపి చెప్పాడు. ఇరవై బై ముప్పై చిన్న డాబా అయితే 600 అడుగులకి 100 కలుస్తాయి, అంటే ఆరో వంతు. చిన్న ఇంటికి అడుగు రేటు ఎక్కువ చెప్పారని కోప్పడేముందు ఇది గుర్తుంచుకోండి. పైగా ట్యాంకు దిమ్మలు, సోలార్ స్టాండు కాళ్లు, డిష్ బోల్టులు ఒక్కోటీ విడిగా పూడ్చాల్సినవే. అడుగుల లెక్కలో ఇవి కనబడవు, మనిషి కూలీలో కనబడతాయి.

కోబా: అసలు ఖర్చు వాటంలో ఉంది

రెండో ఆయన పెద్ద మేస్త్రి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "నీళ్ల గొట్టాలు ఎన్నున్నాయండీ?" ఒక్కటే ఉంది, తూర్పు కొసన. ఆ ప్రశ్న విలువ నాకు తర్వాతగానీ తెలియలేదు.

డాబా మీద నీరు నిలవకుండా పోవాలంటే వంద అడుగులకి ఒక అడుగైనా వాటం, అంటే నీళ్లు పారే వాలు, ఉండాలి. మా నలభై అడుగుల పొడవుకి ఒకే కొసన గొట్టం ఉంటే, రెండో కొస దాదాపు 5 అంగుళాలు పైకి లేవాలి. గొట్టం దగ్గర 2 అంగుళాలతో మొదలుపెడితే ఆ కొసన 7 అంగుళాల కోబా, సగటున 4.4 అంగుళాలు. ఘనపుటడుగుల్లో 440. ఘనపు మీటరుకి 1800 కిలోలు వేసుకున్నా 22 టన్నుల బరువు. అదే పడమటి కొసన ఇంకో గొట్టం పెడితే వాటం ఇరవై అడుగులకే సరిపోతుంది, సగటు మందం 3.2 అంగుళాలకి, బరువు 16 టన్నులకి దిగుతుంది. ఒక పీవీసీ గొట్టం, పిట్టగోడకి ఒక రంధ్రంతో ఆరు టన్నుల సరుకు, దాన్ని పైకి మోసే కూలీ మిగిలాయన్నమాట.

బరువు ఉత్తమాట కాదు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పట్టే లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. మా 4.4 అంగుళాల కోబా ఒక్కటే చదరపు మీటరుకి 200 కిలోలు! స్లాబు డిజైను చేసినప్పుడే దీన్ని కలుపుకుని ఉంటే ఇబ్బంది లేదు. పాత ఇంటి మీద, కాగితాలు లేని స్లాబు మీద, ఇప్పటికే ఒక కోబా ఉన్నదాని మీద ఇంకోటి వేయించేముందు మాత్రం ఇంజనీరుకి చూపించాల్సిందే.

కోబాకున్న మంచి గుణం మొండితనం. దాని మీద వడియాలు పెట్టుకోవచ్చు, మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, పిల్లలు క్రికెట్ ఆడినా ఏమీ కాదు. ఎండవేడి కూడా కొంత ఆపుతుంది. చెడ్డ గుణం, లోపలికి నీరు దిగిందంటే స్పాంజిలా పట్టేసుకుంటుంది. పగులు ఒకచోట, చెమ్మ ఇంకోచోట. ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోలేక చివరికి మొత్తం తవ్వించాలి. ఆ తవ్విన చెత్త ట్రాక్టరుకెత్తించే ఖర్చు కొత్త పని ఖర్చుతో పోటీపడుతుంది.

పెయింటు రకం: బకెట్లు లెక్కపెట్టండి

లిక్విడ్ కోటింగుల్లో మోసం చేయడం తేలిక, పట్టుకోవడం అంతకంటే తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే 1 మిల్లీమీటరు తడి పొర వస్తుంది. ఆరాక అందులో మిగిలేది గట్టిపడే సరుకే, దాని శాతాన్ని వాల్యూమ్ సాలిడ్స్ అంటారు. ఆ శాతం సరుకు డేటా షీటులో ఉంటుంది, అడిగితే చూపించాలి. అది 50 శాతమైతే 1 మిల్లీమీటరు ఆరిన పొరకి మీటరుకి 2 లీటర్లు కావాలి. మా డాబా 111 చదరపు మీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు 11. పిట్టగోడ అడుగు కూడా కలిపితే 13. మొదటాయన తెస్తానన్నవి మూడు! అంటే పావు మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. ఆ రేటు అంత తక్కువ ఎందుకో నాకు అప్పుడర్థమైంది. పని అయిపోయాక మూడు బకెట్ల డాబా, పదమూడు బకెట్ల డాబా కంటికి ఒకేలా తెల్లగా మెరుస్తాయి. తేడా చెప్పేది రెండో వానాకాలమే.

ఇందులోనూ రకాలున్నాయి. అక్రిలిక్ చౌక, కానీ నీళ్లు రోజుల తరబడి నిలిచేచోట ఓర్చుకోదు. పాలీయురేథేన్ ఖరీదెక్కువ, బాగా సాగుతుంది కాబట్టి సన్నటి పగుళ్లని తట్టుకుంటుంది. రెండింటికీ కింద తడి ఉండకూడదు, దుమ్ము ఉండకూడదు.

తారు షీటు, టైల్స్, సున్నం

షీటు చుట్ట మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు. పక్క పక్క షీట్లు పది సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి కాబట్టి చుట్టకి 9 చదరపు మీటర్లకంటే రాదు. డాబా విస్తీర్ణాన్ని పదితో భాగించి మా ఇంటికి 12 చుట్టలు చాలంటే నమ్మకండి, పిట్టగోడతో కలిపి 14 పడతాయి. మందం 3 మిల్లీమీటర్లా 4 మిల్లీమీటర్లా అన్నది కాగితం మీద రాయించుకోండి. షీటు నల్లగా వదిలేస్తే ఎండకి పాడవుతుంది, కాబట్టి పైన సిమెంటు పొర ఖర్చు తప్పదు. ఎవరూ ఎక్కని పెద్ద డాబాకి, టెర్రస్ గార్డెన్ కిందకి నేను దీన్నే ఎంచుకుంటాను.

టైల్స్ చల్లదనానికి, నీళ్లు ఆపడానికి కాదు. టైలు ఆపినా అతుకు ఆపదు, కింద వాటర్‌ప్రూఫింగ్ ఉండాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల కప్పులని చల్లగా ఉంచే కూల్ రూఫ్ విధానం తెచ్చాక ఈ తెల్ల కప్పుల మాట ఎక్కువగా వినబడుతోంది. వేడి ఒక్కటే బాధైతే ఏటా వేసవిలో రెండు పూతలు సున్నం చాలు, వానలకి కొట్టుకుపోతుంది, అంతే. రాయలసీమ మట్టి మిద్దెల మీద వానలకి ముందు చౌడు పరిచేది కూడా ఇదే లెక్క: తక్కువ ఖర్చు, ఏటా చాకిరీ.

మీ ఇంటిని బట్టి మారేవి

కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి స్లాబు లోపలి ఇనుప ఊచలు తుప్పు పడతాయి. పెచ్చులూడి ఊచ కనబడుతుంటే ముందు తుప్పు గీకి, రిపేరు చేయించాలి. ఎంత కొడితే ఎంత బయటపడుతుందో ముందే చెప్పడం కష్టం, అందుకే ఆ పనికి రేటు విడిగా రాయించుకోవాలి. లారీ రాని సందు, లిఫ్టు లేని మూడో అంతస్తు, మే నెలాఖరు తొందర, ఇవన్నీ కూలీని పెంచుతాయి. బిల్లిచ్చే కంపెనీ 18 శాతం జీఎస్టీ కలుపుతుంది, మేస్త్రి కలపడు. "పదేళ్ల గ్యారంటీ" అన్నవాణ్ణి సరుక్కా, కూలీకి కూడానా అని అడగండి.

ఇంకో మాట. మన ఊళ్లలో సగం డాబాల మీద పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి చూస్తుంటాయి. పైన అంతస్తు వేసే ఉద్దేశం నిజంగా ఉంటే తారు షీటు మీద, టైల్స్ మీద, కోబా మీద పెట్టే డబ్బు వృథా. మాకూ నాలుగేళ్లలో వేయాలని ఉంది. అందుకే అవన్నీ వద్దనుకున్నాం. పడమటివైపు రెండో గొట్టం, పడకగది మూల తుప్పు రిపేరు, గుంటలకి మాలు, ఊచల మొదట్లో సిమెంటు దిమ్మలు, ఆపైన సరైన మందంలో లిక్విడ్ కోటింగు. కోబా చెప్పిన రెండో ఆయనకే ఇచ్చాం ఈ పని. బకెట్లు పైకెక్కే రోజున మా ఆవిడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పదమూడోది పైకి వెళ్లాకే లేచింది.