ఇండక్షనా, టెలిస్కోపింగా, కాంప్లెక్స్ నంబర్లా? శ్రేణి లెక్కకు ఏది మేలు?

పోయిన నెలలో చంద్రగిరి నుంచి ట్యూషన్‌కు వచ్చే పాప నోట్‌బుక్ నా ముందు పెట్టి, "అక్కా, ఈ లెక్క ఇండక్షన్‌తో చేసేదా, కాంప్లెక్స్ నంబర్లతో చేసేదా? కాలేజీలో సార్ ఒక రకంగా చేసినారు, మా అన్న ఇంకో రకంగా చేసినాడు, ఆన్సర్ మాత్రం అదే వచ్చింది" అని అడిగింది. లెక్క ఏమిటంటే, కాస్ థీటా + కాస్ 2థీటా + కాస్ 3థీటా అని కాస్ ఎన్‌థీటా దాకా కూడాలి. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్తున్న ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, నేనూ ప్రతిసారీ "ఏదైనా ఒకటే" అని దాటేశాను. అది తప్పు. ఒకటే కాదు.

ముందే నా మాట చెప్పేస్తాను. జవాబు ప్రశ్నలోనే ఇచ్చి "నిరూపించండి" అంటే ఇండక్షన్ చాలు. "మొత్తం కనుక్కోండి" అంటే ఇండక్షన్ జోలికి పోకండి, అది మీకు జవాబు చెప్పదు. కాస్‌లు, సైన్‌లు, రెండేసి పదాలు వదిలేసి ప్రతి మూడోదాన్నీ కూడే బైనోమియల్ గుణకాలు (10సి3 లాంటివి) కనిపిస్తే కాంప్లెక్స్ నంబర్లు. మిగిలిన చోట టెలిస్కోపింగ్, అంటే ప్రతి పదాన్నీ రెండు పదాల తేడాగా రాసి, మధ్యలోవన్నీ కొట్టేసుకుపోయేలా చెయ్యడం. మన పుస్తకాల్లో దీనికి విడిగా అధ్యాయం లేదు కాబట్టి పిల్లలు పట్టించుకోరు, నాకేమో మూడింటిలో ఇదే ఎక్కువ ఇష్టం.

ఇండక్షన్ సంగతి తిరుపతి పిల్లలకు చెప్పడం తేలిక. అలిపిరి దగ్గర మెట్లపూజ చేస్తూ ఎక్కేవాళ్ళను చూసే ఉంటారు. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెడతారు, ఒక మెట్టుకు పెట్టాక దాని పై మెట్టుకు పెట్టకుండా కాలు ముందుకు వెయ్యరు. ఈ రెండు మాటలూ నిజమైతే 3550 మెట్లకూ బొట్టు పడిందో లేదో కొండెక్కి చూడనక్కర్లేదు. మొదటి మెట్టు అంటే ఎన్ = 1 దగ్గర సరిచూడటం, పై మెట్టు అంటే కె దగ్గర నిజమైతే కె+1 దగ్గరా నిజమని చూపడం. ఈ మొదటి మెట్టును చిన్నచూపు చూసి నేను ఇంటర్‌లో ఉండగా పరీక్షలో మార్కులు పోగొట్టుకున్నాను, అప్పట్లో 1ఏ పేపర్లో ఇండక్షన్ మీద ఏడు మార్కుల ప్రశ్న వచ్చేది. మొదటి మెట్టు లేకపోతే ఏమవుతుందో చూడండి: 2 + 4 + 6 + … + 2ఎన్ = ఎన్(ఎన్+1) + 5 అని ఎవరైనా రాశారనుకోండి. కె దగ్గర నిజమనుకుని రెండువైపులా 2(కె+1) కలిపితే కుడివైపు (కె+1)(కె+2) + 5 చక్కగా వచ్చేస్తుంది, మెట్టు మీద మెట్టు ఎక్కేస్తాం. కానీ ఎన్ = 1 దగ్గర ఎడమవైపు 2, కుడివైపు 7. ఏ ఎన్‌కూ నిజం కాని వాక్యమే పై మెట్టు పరీక్షలో పాసైపోయింది.

ఇక దాని అసలు లోటు. ఇండక్షన్ సాక్షి మాత్రమే, వెతికిపెట్టేది కాదు. ఆర్యభటుడు 499లో వర్గాల మొత్తానికీ ఘనాల మొత్తానికీ సూత్రాలు పద్యాల్లో చెప్పాడు, నిరూపణ చెప్పలేదు. వర్గాల మొత్తం ఎన్(ఎన్+1)(2ఎన్+1)/6 అని ఇస్తే మీరు అరపేజీలో ఇండక్షన్‌తో నిజమని తేల్చగలరు, కానీ కింద ఆ 6 ఎందుకొచ్చిందో ఆ అరపేజీ చదివినవాడికి తెలియదు. కేరళలో నీలకంఠ సోమయాజి అదే సూత్రాన్ని దిమ్మెలు పేర్చినట్టు పేర్చి చూపించాడు, ఆరు కుప్పలు కలిపితే ఒక నిండు దిమ్మె అవుతుంది, అప్పుడు 6 కళ్ళకు కనిపిస్తుంది. నేను పిల్లల దగ్గర కోరుకునేది ఈ కనిపించడమే.

టెలిస్కోపింగ్‌కు వద్దాం. 1·1! + 2·2! + 3·3! + … + ఎన్·ఎన్! ఎంత? (ఎన్! అంటే ఎన్ ఫ్యాక్టోరియల్, 1 నుంచి ఎన్ దాకా అన్నిటి గుణకారం.) ఇండక్షన్‌తో చెయ్యాలంటే ముందు జవాబు ఊహించాలి: 1, 5, 23, 119 అని రాసుకుని, ఇవన్నీ ఫ్యాక్టోరియల్‌కు ఒకటి తక్కువని కనిపెట్టాలి. కనిపెట్టగలిగితే మంచిదే. టెలిస్కోపింగ్‌లో ఊహ అక్కర్లేదు, కె·కె! అంటే (కె+1−1)·కె!, అంటే (కె+1)! − కె!. వరసగా రాస్తే మధ్యలోవన్నీ కొట్టేసుకుపోయి (ఎన్+1)! − 1 మిగులుతుంది. ఒక్క లైను.

ఇక్కడే ఒక విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, పిల్లలకు మాత్రం మొదటి రోజే చెప్తున్నాను. మొత్తాల లెక్కల్లో ఇండక్షన్, టెలిస్కోపింగ్ రెండూ చేసే పని ఒకటే. ఇండక్షన్‌లో కె నుంచి కె+1కు వెళ్ళేటప్పుడు మీరు సరిచూసేదేమిటి? జవాబులో కె+1 పెట్టినదానికీ కె పెట్టినదానికీ తేడా సరిగ్గా ఆ కొత్త పదమేనా అని. టెలిస్కోపింగ్ ఆ తేడానే ముందు పట్టుకుని పైనుంచి కింది దాకా కూడుతుంది. కాబట్టి ఇండక్షన్‌లో ఆల్జీబ్రా ఎక్కడ చిక్కుపడిందో అక్కడ ఆగి, ఈ పదాన్ని తేడాగా ఎలా రాయాలి అని అడిగితే చాలు, చాలాసార్లు ముడి విడిపోతుంది. ఆ పాప తెచ్చిన లెక్కే చూడండి, ప్రతి పదాన్నీ 2 సైన్(థీటా/2)తో గుణిస్తే 2 సైన్(థీటా/2) కాస్ కె·థీటా అనేది సైన్(కె+½)థీటా − సైన్(కె−½)థీటా అవుతుంది, మధ్యలోవి పోయి సైన్(ఎన్+½)థీటా − సైన్(థీటా/2) మిగులుతుంది, దాన్ని మళ్ళీ 2 సైన్(థీటా/2)తో భాగిస్తే జవాబు. చిక్కు ఒకటే, ఆ 2 సైన్(థీటా/2)తో గుణించాలని ఎలా తట్టాలి? తట్టదు, ఎవరో చెప్పాలి.

కాంప్లెక్స్ నంబర్లు ఆ తట్టే అవసరాన్నే తీసేస్తాయి. అలిపిరి కాకుండా శ్రీనివాస మంగాపురం వైపు పోయి శ్రీవారిమెట్టు ఎక్కినట్టు: మెట్లు 2388, అలిపిరి కంటే చాలా తక్కువ, కానీ నిట్టనిలువుగా ఉంటాయి, మొదలు పెట్టడానికే ఊరి అవతలికి పోవాలి. ఇక్కడ ఊరి అవతల అంటే సైన్‌లను కూడా తోడు తెచ్చుకోవడం. జెడ్ = కాస్ థీటా + ఐ సైన్ థీటా అనుకుంటే (ఐ అంటే వర్గం −1 అయ్యే సంఖ్య), డీమూవర్ సిద్ధాంతం ప్రకారం జెడ్ పవర్ కె అంటే కాస్ కె·థీటా + ఐ సైన్ కె·థీటా. అప్పుడు మనకు కావలసింది జెడ్ + జెడ్² + … అనే గుణశ్రేఢి మొత్తంలో వాస్తవ భాగం, అంటే ఐ లేని భాగం, అంతే. గుణశ్రేఢి మొత్తం మనవాళ్ళకు కొత్తదేమీ కాదు, చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే 64 గళ్ళకు వచ్చే మొత్తం 18446744073709551615 అని పావులూరి మల్లన పేరున చెప్పుకునే తెలుగు పద్యం ఉంది. అదే సూత్రం ఇక్కడా: జెడ్ ఇంటూ (జెడ్ పవర్ ఎన్ − 1) బై (జెడ్ − 1). పైన 2ఐ సైన్(ఎన్‌థీటా/2), కింద 2ఐ సైన్(థీటా/2) బయటికి తీస్తే మిగిలేది కాస్((ఎన్+1)థీటా/2) + ఐ సైన్((ఎన్+1)థీటా/2). వాస్తవ భాగం తీసుకుంటే సైన్(ఎన్‌థీటా/2) కాస్((ఎన్+1)థీటా/2) బై సైన్(థీటా/2). కల్పిత భాగం తీసుకుంటే సైన్‌ల మొత్తం కూడా వచ్చేసింది, దానికి విడిగా ఒక్క లైను కూడా రాయలేదు. థీటా 60 డిగ్రీలు, ఎన్ = 3 పెట్టి చూడండి, ½ − ½ − 1 = −1, సూత్రమూ −1 ఇస్తుంది. జెడ్ = 1 అయితే, అంటే థీటా 0 లేదా 360 డిగ్రీల గుణిజమైతే కింద సున్నా వస్తుంది, అప్పుడు మొత్తం నేరుగా ఎన్. ఈ ఒక్క వాక్యం రాయడం పిల్లలు మర్చిపోతారు, దయచేసి రాయండి.

ఇంకో లెక్కలో తేడా మరీ స్పష్టంగా ఉంటుంది. 10సి0 + 10సి3 + 10సి6 + 10సి9 ఎంత? చేత్తో కూడితే 1 + 120 + 210 + 10 = 341. సాధారణంగా ఎన్‌కు కావాలంటే ఏకకపు ఘనమూలం ఒమేగా (1 కాకుండా, ఘనం 1 అయ్యే సంఖ్య) తీసుకుని (1+1), (1+ఒమేగా), (1+ఒమేగా²) మూడింటినీ ఎన్ పవర్‌కు ఎత్తి కూడి 3తో భాగించాలి; 0, 3, 6 లాంటి మూడు గుణిజాలు కాని పదాలన్నీ 1 + ఒమేగా + ఒమేగా² = 0 వల్ల మాయమైపోతాయి. ఇండక్షన్‌తో మొదలుపెట్టారా, కె+1 దగ్గర 1, 4, 7 పదాల మొత్తమో 2, 5, 8 పదాల మొత్తమో కావాలంటుంది, అవి మన దగ్గర ఉండవు. మూడు మొత్తాలనూ ఒకేసారి మోసుకుంటూ పైకెక్కాలి. అసాధ్యమేమీ కాదు, కానీ జవాబు ముందే మూడింటికీ తెలిసి ఉండాలి.

ఇదంతా చదివి ఇండక్షన్ పనికిరాదనుకోవద్దు. ధన పూర్ణాంకాలకు డీమూవర్ సిద్ధాంతాన్ని నిరూపించేదే ఇండక్షన్‌తో, అంటే శ్రీవారిమెట్టు పునాది కూడా అదే రాయి. భాగహార లెక్కలు, అసమానతలు దాని సొంత ఊరు. 49 పవర్ ఎన్ + 16ఎన్ − 1ని 64 నిశ్శేషంగా భాగిస్తుందని చూపడానికి కాంప్లెక్స్ నంబర్లతో చేసేదేమీ లేదు. ఇండక్షన్‌తో నాలుగు లైన్లు. 49ని 1 + 48గా విడదీసి బైనోమియల్‌తో చేస్తే రెండే లైన్లు, అది వేరే సంగతి. అసమానతల్లో మాత్రం ఒక మెలిక ఉంది. 1 + 1/4 + 1/9 + … + 1/ఎన్² ఎప్పుడూ 2 కంటే తక్కువ అని ఇండక్షన్‌తో చూపబోతే పని జరగదు, 2 కంటే తక్కువైనదానికి ఇంకొంచెం కలిపితే 2 దాటదని ఎలా చెప్తాం? అదే 2 − 1/ఎన్‌కు మించదు అని ఇంకా గట్టి మాట నిరూపించబోతే సాఫీగా అయిపోతుంది. ఎక్కువ అడిగితే తేలికైంది! ఆ 1/ఎన్ ఎక్కణ్ణుంచి తేవాలంటారా, 1/కె² అనేది 1/(కె−1) − 1/కె కంటే తక్కువ, మళ్ళీ టెలిస్కోపింగే.

ఈఏపీసెట్‌కు మాత్రం వేరే లెక్క. 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో మ్యాథ్స్ 80, అక్కడ ఏ పద్ధతీ పూర్తిగా రాసే టైమ్ లేదు. ఎన్ = 1, ఎన్ = 2 ఆప్షన్లలో పెట్టి చూస్తే సాధారణంగా మూడు ఎగిరిపోతాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళున్నారు, నేను మాట్లాడను, కానీ ఇంట్లో ప్రాక్టీసప్పుడు అలా చేస్తే నేర్చుకున్నది ఏమీ ఉండదు.

ఆ పాపకు చివర్లో నేను ఇచ్చిన లెక్క ఇది: 180 డిగ్రీలను ఎన్ భాగాలు చేసి, మొదటి భాగం దగ్గర నుంచి (ఎన్−1)వ భాగం దాకా వచ్చే కోణాల సైన్‌లన్నీ గుణిస్తే ఎన్ బై (2 పవర్ ఎన్−1) వస్తుందని చూపాలి. ఎన్ = 3 అయితే సైన్ 60 ఇంటూ సైన్ 120, అంటే 3/4, సరిపోయింది. జవాబు ఇచ్చేశాను కదా, "నిరూపించండి" అన్నాను కదా, అందుకని ఆమె ఇండక్షన్ మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత వచ్చి, "అక్కా, కె నుంచి కె+1కు పోతే కోణాలన్నీ మారిపోతా ఉండాయి, పాతది ఒక్కటీ మిగల్లేదు" అంది. నిజమే, నేను మొదట చెప్పిన నియమం తప్పేది ఇక్కడే, పై మెట్టుకు కింది మెట్టుతో సంబంధమే లేదు. 1కి ఎన్‌వ మూలాలు రాసుకుని, ఎక్స్ పవర్ ఎన్ − 1ని ఎక్స్ − 1తో భాగించి, వచ్చినదాంట్లో ఎక్స్ = 1 పెట్టమన్నాను. ఒకవైపు ఎన్ వచ్చింది. రెండోవైపు ప్రతి కారణాంకం మాపం (మాడ్యులస్) తీసుకుంటే 2 సైన్ ఆ కోణం వచ్చింది. నోట్‌బుక్ మూసి బస్సు టైమయిందని పరుగెత్తిన పాప, గేటు దాకా పోయి వెనక్కి వచ్చి, "కాస్‌లకు కూడా ఇట్లాగే చెయ్యొచ్చా అక్కా?" అని అడిగింది. ఎక్స్ = −1 పెట్టి చూడు, అన్నాను.